ఓపెన్ ఫెయిల్డ్ అంట, ఏ ఫైలో మాత్రం చెప్పడు

మా టీమ్‌లో ఎవరి సి కోడ్ రివ్యూకి వచ్చినా నేను ముందు చూసేది లాజిక్ కాదు, ఎర్రర్ వచ్చినప్పుడు ఏం చేస్తున్నాడు అన్నది. లాజిక్ తప్పయితే టెస్టింగ్‌లో ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఎర్రర్ కోడ్ మాత్రం మన మెషిన్ మీద ఒక్కసారి కూడా రన్ అవ్వదు, మొదటిసారి రన్ అయ్యేది కస్టమర్ దగ్గరే, అదీ అర్ధరాత్రి, అప్పుడు ఆన్‌కాల్‌లో ఉన్నోడు కళ్ళు నులుముకుంటూ లాగ్ తెరిస్తే అందులో ఒకే ఒక్క లైను, "ఓపెన్ ఫెయిల్డ్". ఏ ఫైలు? చెప్పడు. ఎందుకు? చెప్పడు. కోడ్‌లో ఓపెన్ కాల్స్ నలభై చోట్ల ఉంటే ఎక్కడిది? అది కూడా చెప్పడు. ఇంకెందుకు రాసినట్టు ఆ లైను.

బెంగళూరులో మా ఫ్లోర్‌లో సగం మంది మనోళ్ళే, అనంతపురం నుంచి ఒంగోలు దాకా అందరూ ఉన్నారు, పైథాన్ గో అంటూ ఎన్ని వచ్చినా స్టోరేజ్, నెట్‌వర్కింగ్ పనులు చేసే చోట సి ఇంకా కదల్లేదు. కాలేజీలో పాయింటర్లు, లింక్డ్ లిస్టులు బాగానే చెప్తారు, కానీ రీడ్ ఫెయిలైతే ఏం చెయ్యాలి అనేది ఎవరూ చెప్పరు, ల్యాబ్ ఎగ్జామ్‌లో డిస్క్ ఎప్పుడూ నిండదు కదా మరి. అందుకే ఇది తెలుగులో ఒకచోట రాసి పెడదామని, కొత్తగా చేరినోళ్ళకి ఇదే లింక్ పంపొచ్చు, నాకూ నోరు నొప్పి తగ్గుతుంది.

ముందు అసలు లోపల ఏం జరుగుద్దో చెప్తా, అది తెలిస్తే మిగతా రూల్స్ బట్టీ కొట్టక్కర్లేదు. కాల్ ఎందుకు ఫెయిలైందో చెప్పే నంబర్ మన ప్రోగ్రామ్‌కి దొరికేది ఎర్నో అనే వేరియబుల్‌లో, కానీ లినక్స్ కెర్నల్‌కి, అంటే ఓఎస్ అసలు భాగానికి, అలాంటిది ఒకటి ఉందని కూడా తెలీదు. సిస్టమ్ కాల్, అంటే ఓపెన్, రీడ్ లాంటి వాటితో మనం కెర్నల్‌ని అడిగే పని, ఫెయిలైతే అది ఒక నెగటివ్ నంబర్ వెనక్కిస్తుంది అంతే, మన మామూలు 64 బిట్ ఇంటెల్, ఏఎమ్‌డీ మెషిన్లలో అయితే ఆర్ఏఎక్స్ రిజిస్టర్‌లో పెట్టి ఇస్తుంది, ఫైలు లేకపోతే మైనస్ 2, పర్మిషన్ లేకపోతే మైనస్ 13. గ్లిబ్‌సీలో, అంటే లినక్స్‌లో మామూలుగా వాడే సి లైబ్రరీలో, దాదాపు ప్రతి కాల్‌కీ దాన్ని చుట్టి ఉండే ఒక చిన్న ఫంక్షన్, రాపర్, ఉంటుంది, అది చూసి మైనస్ 1 నుంచి మైనస్ 4095 మధ్యలో ఉంటే ఎర్రర్ అని లెక్కేసి, గుర్తు మార్చి ఎర్నోలో వేసి, మన చేతిలో మాత్రం మైనస్ 1 పెడుతుంది. 4095 ఎందుకంటే ఎమ్‌మ్యాప్ లాంటి కాల్స్ అడ్రస్‌లు తిరిగిస్తాయి, అడ్రస్ స్పేస్ చిట్టచివరి పేజీలో అడ్రస్ ఎప్పుడూ రాదు కాబట్టి ఏది అడ్రస్ ఏది ఎర్రర్ అని గందరగోళం ఉండదు. పాతకాలం పీడీపీ-11 యూనిక్స్‌లో అయితే క్యారీ బిట్ సెట్ చేసి ఎర్రర్ నంబర్‌ని ఆర్ 0 లో పెట్టేవాళ్ళు, పద్ధతి మారింది గానీ సి ప్రోగ్రామర్‌కి కనపడేది అప్పటికీ ఇప్పటికీ అదే.

ఇందులోంచే మొదటి విషయం వస్తుంది. రాపర్ ఎర్నోని ముట్టుకునేది ఫెయిలైనప్పుడే, సక్సెస్ అయితే దాన్ని సున్నా చెయ్యదు. ఆంధ్రా మెస్‌లో గోడ మీద బోర్డు చూశారా, నిన్నటి గోంగూర పప్పు ఇవాళ కూడా అలాగే ఉంటుంది, ఎవడో కొత్త కూర రాసేదాకా. ఎర్నో కూడా అంతే, దాంట్లో ఉన్నది ఇప్పటి కాల్‌ది కాకపోవచ్చు. కాబట్టి ముందు రిటర్న్ వాల్యూ చూడాలి, అది ఫెయిల్ అని చెప్తేనే ఎర్నో చూడాలి, ఎర్నో సున్నా కాదు కాబట్టి ఏదో తప్పు జరిగింది అని తిరగేసి ఆలోచించే కోడ్ నేను ఇప్పటికీ చూస్తున్నా. దీనికి పాత ఉదాహరణ ఒకటుంది, చాలా చోట్ల ప్రింట్ఎఫ్ లోపల అవుట్‌పుట్ టెర్మినలా కాదా అని తెలుసుకోడానికి ఒక కాల్ చేస్తారు, టెర్మినల్ కాకపోతే అది ఫెయిలై ఎర్నోలో 25 వదిలేసి పోతుంది, ప్రింట్ఎఫ్ మాత్రం శుభ్రంగా పనిచేసింది. తర్వాత ఎవడో తెలీక పీఎర్రర్ (ఎర్నోలో ఉన్న నంబర్‌కి అర్థం ప్రింట్ చేసే ఫంక్షన్) పిలిస్తే "ఇనప్రోప్రియేట్ ఐఓసీటీఎల్ ఫర్ డివైస్" అని వస్తుంది, వాడు ఐఓసీటీఎల్ కాల్ కోసం కోడ్ అంతా వెతుకుతాడు, అది కోడ్‌లో ఎక్కడా ఉండదు.

ఇదే తలనొప్పి ఇంకో రూపంలో రివ్యూల్లో వారం వారం కనపడుతుంది. ఓపెన్ ఫెయిలైంది, వెంటనే లాగ్ ఫంక్షన్‌ని పిలిచారు, ఆ లాగ్ ఫంక్షన్ లోపల టైమ్ తీసుకుంటుంది, ఫైల్‌కి రాస్తుంది, ఒక్కోసారి ఫైల్ రొటేట్ చేస్తుంది, అదంతా అయ్యాక కింద లైనులో ఎర్నోని చూసి రీట్రై చెయ్యాలా వద్దా అని డిసైడ్ చేస్తున్నారు. అప్పటికి అందులో ఉన్నది ఓపెన్ వదిలిన నంబరో, లాగ్ ఫైల్ వదిలిన నంబరో ఎవడికి తెలుసు. ఫెయిల్ అని తెలిసిన మరుక్షణం ఒక లోకల్ ఇంట్‌లోకి తీసి పెట్టుకోండి, ఆ తర్వాత ఏమన్నా చేసుకోండి. సిగ్నల్ హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే మధ్యలో దూరి రన్ అయ్యే ఫంక్షన్) రాసేవాళ్ళయితే లోపలికి రాగానే ఎర్నోని దాచి, బయటికి పోయేముందు తిరిగి పెట్టెయ్యాలి, లేకపోతే మెయిన్ కోడ్‌లో ఎక్కడో మధ్యలో నంబర్ మారిపోతుంది, అది పట్టుకోవడం ఎవరి వల్లా కాదు. త్రెడ్స్ గురించి మాత్రం భయపడక్కర్లేదు, ఎర్నో ప్రతి త్రెడ్‌కీ వేరేగా ఉంటుంది, గ్లిబ్‌సీలో అది అసలు ఒక మ్యాక్రో, లోపల ఒక ఫంక్షన్ పిలిచి ఈ త్రెడ్ తాలూకు అడ్రస్ తెస్తుంది. అందుకే హెడర్ చేర్చకుండా ఎక్స్‌టర్న్ ఇంట్ ఎర్నో అని చేత్తో రాసే పాత కోడ్ ఇప్పుడు లింక్ కూడా అవ్వదు, దాన్ని తీసి పారెయ్యండి.

ఇంక రిపోర్టింగ్. నా లెక్కలో ఎర్రర్ మెసేజ్‌లో మూడు ఉండాలి, ఏ కాల్ చేశాం, దేని మీద చేశాం, కెర్నల్ ఏం కారణం చెప్పింది. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా చదివేవాడు సోర్స్ కోడ్ తెరవాల్సిందే, ఆ చదివేవాడి దగ్గర సోర్స్ ఉండదు. పీఎర్రర్ తప్పు కాదు గానీ దాన్ని వాడే తీరే కోపం తెప్పిస్తుంది, బ్రాకెట్‌లో "ఎర్రర్" అని రాసి పీఎర్రర్ పిలుస్తారు, అప్పుడు స్క్రీన్ మీద "ఎర్రర్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వస్తుంది, ఎర్రర్ అని మాకు తెలీదా బాబూ. కనీసం పాత్ అయినా ఇవ్వండి. చిన్న కమాండ్‌లైన్ టూల్ అయితే బీఎస్‌డీ నుంచి వచ్చిన ఎర్, వార్న్ ఫంక్షన్లు గ్లిబ్‌సీలో కూడా ఉన్నాయి, ప్రోగ్రామ్ పేరు, మీరు ఇచ్చిన ఫార్మాట్, చివర కారణం, అన్నీ కలిపి స్టాండర్డ్ ఎర్రర్‌కి రాసేస్తాయి, ఎర్ అయితే ఎగ్జిట్ కూడా చేస్తుంది. ఎంత హాయో, కానీ ఎవరూ వాడరు.

పాత్ ప్రింట్ చేసేటప్పుడు దానికి అటూ ఇటూ కోట్స్ పెట్టండి. కాన్ఫిగ్ ఫైల్ నుంచి ఎఫ్‌గెట్స్‌తో పాత్ చదివితే చివర న్యూలైన్ అలాగే ఉండిపోతుంది, దాంతో ఓపెన్ చేస్తే ఆ పేరుతో ఫైల్ లేదు అంటుంది, నిజమే చెప్తోంది పాపం. కోట్స్ ఉంటే రెండో కోట్ కింద లైనులో పడుతుంది, చూడగానే తెలిసిపోతుంది. రిలేటివ్ పాత్ అయితే ఇప్పుడు ఏ డైరెక్టరీలో ఉన్నామో కూడా రాస్తే ఇంకా మంచిది, మన టెర్మినల్‌లో పనిచేసి సిస్టమ్‌డీ (లినక్స్‌లో సర్వీసులు నడిపేది) సర్వీస్‌గా పెట్టగానే ఫైల్ లేదనే కేసుల్లో చాలావరకు ఇదే, సిస్టమ్ సర్వీస్‌కి మనం ఏమీ చెప్పకపోతే వర్కింగ్ డైరెక్టరీ రూట్ అవుతుంది.

ఫైల్ లేదు అంటే గుర్తొచ్చింది, ఒకసారి మా టీమ్‌లో అనంతపురం వైపు కుర్రాడు ఒకడు మధ్యాహ్నం నుంచి ఎగ్జెక్‌వీఈతో, అంటే ఇంకో ప్రోగ్రామ్‌ని రన్ చేసే కాల్‌తో, కుస్తీ పడుతున్నాడు, సాయంత్రం బెళ్ళందూరు ఆఫీస్ కింద బేకరీలో బై టూ కాఫీ తీసుకుని నిలబడ్డాం.

"అన్నా, ఫైల్ ఉంది అన్నా. ఎల్ఎస్ కొడితే కనపడుతోంది. పర్మిషన్ 755. ఎగ్జెక్‌వీఈ మాత్రం నో సచ్ ఫైల్ అంటోంది."

"స్క్రిప్టా, బైనరీనా?"

"షెల్ స్క్రిప్ట్."

"ఎక్కడ ఎడిట్ చేశావ్?"

వాడు ఒక్క క్షణం ఆగి "ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్‌లో అన్నా" అన్నాడు. అంతే ఇంక. పైకెళ్ళి క్యాట్‌కి క్యాపిటల్ ఏ ఆప్షన్ ఇచ్చి చూస్తే ప్రతి లైను చివరా డాలర్ ముందు క్యారెట్ ఎమ్ కనపడింది. స్క్రిప్ట్‌ని ఎగ్జెక్ చేస్తే కెర్నల్ మొదటి లైను చదివి అందులో చెప్పిన ఇంటర్‌ప్రెటర్‌ని వెతుకుతుంది, ఇక్కడ ఇంటర్‌ప్రెటర్ పేరు బిన్‌లో ఉన్న ఎస్‌హెచ్ కాదు, ఎస్‌హెచ్ తర్వాత ఒక క్యారేజ్ రిటర్న్ అక్షరం కూడా కలిపి ఆ పేరుతో ఉన్న ఫైలు, అది ఈ లోకంలో లేదు. కాబట్టి ఎర్రర్ నంబర్ 2. లేని ఫైల్ వేరే, మన మెసేజ్‌లో పడే ఫైల్ పేరు వేరే. బైనరీతో కూడా ఇదే కథ, గ్లిబ్‌సీ మీద బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌ని ఆల్పైన్ లినక్స్ కంటైనర్‌లో పెడితే అక్కడ ఉండేది మజిల్ అనే ఇంకో సి లైబ్రరీ, గ్లిబ్‌సీ తాలూకు డైనమిక్ లోడర్ (ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలు ఎక్కించేది) ఉండదు, కళ్ళ ముందు బైనరీ ఉన్నా ఫైల్ లేదనే అంటుంది. అందుకే నేను ఎగ్జెక్ ఫెయిలైన చోట 2 వస్తే మాత్రం ఇంకో లైను అదనంగా రాయిస్తా, ఫైల్ నిజంగా ఉందా అని యాక్సెస్‌తో చూసి, ఉంటే "ఇంటర్‌ప్రెటర్ లేదా లోడర్ లేదేమో చూడండి" అని. ఆ ఒక్క లైను సపోర్ట్ టీమ్‌కి ఎన్ని కాల్స్ తగ్గిస్తుందో.

నంబర్ ఒకటే అయినా అర్థం కాల్‌ని బట్టి మారుతుంది అనడానికి నాకు ఇంకా నచ్చే ఉదాహరణ 28, "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్". డీఎఫ్ కొడితే డిస్క్ సగం ఖాళీ. చిన్న చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉంటే ఐనోడ్లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి పట్టే రికార్డులు) అయిపోయి ఉండొచ్చు, డీఎఫ్‌కి ఐ ఆప్షన్ ఇస్తే తెలుస్తుంది. అదీ కాదంటే కాల్ ఏంటో చూడండి, అది ఐనోటిఫై యాడ్ వాచ్ (ఈ ఫైల్ మారితే చెప్పు అని కెర్నల్‌ని అడిగే కాల్) అయితే డిస్క్‌కి అసలు సంబంధమే లేదు, ఒక యూజర్ పెట్టుకోగలిగిన వాచ్‌ల లిమిట్ అయిపోయింది అని అర్థం, మ్యాక్స్ యూజర్ వాచెస్ అనే సెట్టింగ్ పెంచాలి. ఇప్పుడు చెప్పండి, లాగ్‌లో కాల్ పేరు లేకుండా ఖాళీగా "నో స్పేస్" అని రాస్తే అడ్మిన్ ఏం చేస్తాడు? డిస్క్‌లో ఫైళ్ళు డిలీట్ చేస్తూ కూర్చుంటాడు.

అన్ని కాల్స్ మైనస్ 1, ఎర్నో పద్ధతిలో ఉండవు, ఇది కూడా గబగబా చెప్పేస్తా. త్రెడ్స్ కోసం ఉండే పీత్రెడ్ ఫంక్షన్లు ఎర్రర్ నంబర్‌ని నేరుగా రిటర్న్ చేస్తాయి, ఎర్నోలో వెయ్యవు, మెమరీ ఇచ్చే పోసిక్స్ మెమలైన్ కూడా అంతే. హోస్ట్ పేరుకి అడ్రస్ వెతికే గెట్ అడ్రస్ ఇన్ఫోకి దాని సొంత కోడ్లు, సొంత మెసేజ్ ఫంక్షన్ ఉన్నాయి, ఈఏఐ సిస్టమ్ అని వస్తే మాత్రమే ఎర్నో చూడాలి. డైరెక్టరీలో ఉన్నవి చదివే రీడ్‌డిర్ నల్ ఇస్తే లిస్ట్ అయిపోయిందో, ఎర్రరో తెలీదు, కాబట్టి పిలిచేముందు మనమే ఎర్నోని సున్నా చేసి, తర్వాత చూసుకోవాలి. స్ట్రింగ్‌ని నంబర్ చేసే స్ట్ర్‌టాల్‌కీ ఇదే, గెట్ ప్రయారిటీకి అయితే మైనస్ 1 నిజంగా ఒక సరైన జవాబు కూడా. మ్యాన్ పేజీలో రిటర్న్ వాల్యూ సెక్షన్ నాలుగు లైన్లే ఉంటుంది, చదవడానికి బద్ధకం ఎందుకో నాకర్థం కాదు.

కొన్ని నంబర్లు అసలు తప్పులే కాదు. 4, అంటే ఈఇంటర్, కాల్ ఆగి ఉన్నప్పుడు సిగ్నల్ వచ్చింది అని, మళ్ళీ పిలిస్తే సరిపోతుంది, లేదా సిగ్‌యాక్షన్‌లో ఎస్ఏ రీస్టార్ట్ పెడితే చాలా కాల్స్‌ని కెర్నలే మళ్ళీ మొదలుపెడుతుంది, అన్నిటినీ కాదు. 11, అంటే ఈఅగైన్, నాన్ బ్లాకింగ్ సాకెట్ మీద వస్తే ఇప్పుడు డేటా లేదు తర్వాత రా అని, దాన్ని ఎర్రర్ లెవెల్‌లో లాగ్ చేస్తే గంటలో లాగ్ ఫైల్ జీబీలకి పోతుంది. అదే 11 ఫోర్క్ (కొత్త ప్రాసెస్ పుట్టించే కాల్) నుంచి వస్తే ప్రాసెస్ లిమిట్ తగిలింది అని, అది గట్టిగా అరవాల్సిన విషయం. రైట్ అడిగినదానికంటే తక్కువ రాసి తిరిగొస్తే అది ఎర్రర్ కూడా కాదు, మిగిలింది మళ్ళీ రాయాలి, డిస్క్ నిండేటప్పుడు చాలాసార్లు ఇలాగే, మొదటి కాల్ కొంచెం రాసి వచ్చేస్తుంది, అసలు కారణం రెండో కాల్‌లో బయటపడుతుంది. క్లోజ్ మాత్రం వేరు, లినక్స్‌లో క్లోజ్ ఈఇంటర్ ఇచ్చినా ఆ ఎఫ్‌డీ (తెరిచిన ఫైల్‌కి ఇచ్చే నంబర్) అప్పటికే పోయింది, మళ్ళీ క్లోజ్ చేస్తే ఆలోపు ఇంకో త్రెడ్ అదే నంబర్‌తో తెరుచుకున్న ఫైల్‌ని మూసేస్తారు.

చెక్ చెయ్యకపోతే ఏమవుతుందిలే అనేవాళ్ళకి నేను చెప్పేది ఫోర్క్ గురించి. ఫోర్క్ ఫెయిలైతే మైనస్ 1 వస్తుంది, దాన్ని చూడకుండా చైల్డ్ పిడ్ (ప్రాసెస్ నంబర్) అని ఒక స్ట్రక్చర్‌లో దాచుకున్నారనుకోండి, తర్వాత ఎప్పుడో ఆ చైల్డ్‌ని ఆపుదామని సిగ్నల్ పంపే కిల్‌కి ఆ పిడ్ ఇచ్చారు. కిల్‌కి మైనస్ 1 ఇస్తే, మీకు సిగ్నల్ పంపే పర్మిషన్ ఉన్న ప్రతి ప్రాసెస్‌కీ పంపు అని అర్థం. డెమన్ (బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే ప్రోగ్రామ్) రూట్‌గా నడుస్తుంటే ఇనిట్, అంటే మొట్టమొదటి ప్రాసెస్, తప్ప మెషిన్ మీద ఉన్నవన్నీ పోతాయి, లినక్స్‌లో పంపినవాడు కూడా మిగులుతాడు, చక్కగా ఒక్కడే కూర్చుని "చైల్డ్ స్టాప్డ్" అని లాగ్ రాసుకుంటాడు.

ఇంకోటి, ఇది మీరు ఇప్పుడే చేసి చూడొచ్చు. హలో వరల్డ్ ప్రోగ్రామ్ రాయండి, ప్రింట్ఎఫ్, రిటర్న్ సున్నా, అంతే. దాని అవుట్‌పుట్‌ని డెవ్ డైరెక్టరీలో ఉండే ఫుల్ అనే డివైస్‌కి మళ్ళించండి, దానికి ఏం రాసినా డిస్క్ నిండింది అనే చెప్తుంది, టెస్టింగ్ కోసం ఇంతకంటే మంచి వస్తువు లేదు. ఇప్పుడు ఎగ్జిట్ స్టేటస్ చూడండి, సున్నా. ఒక్క అక్షరం కూడా ఎక్కడికీ పోలేదు, ప్రోగ్రామ్ మాత్రం అంతా బాగుంది అంటోంది. ఎందుకంటే ప్రింట్ఎఫ్ బఫర్‌లో పెట్టి సక్సెస్ అనేసింది, అసలు రైట్ కాల్ జరిగింది మెయిన్ అయిపోయాక, ఎగ్జిట్‌లో బఫర్ ఖాళీ చేసేటప్పుడు, అది ఫెయిలైనా అడిగే నాథుడు లేడు. అదే డివైస్‌కి ఎల్ఎస్ అవుట్‌పుట్ మళ్ళించండి, "రైట్ ఎర్రర్" అని కారణంతో సహా చెప్పి ఫెయిల్ స్టేటస్‌తో పోతుంది, జీఎన్‌యూ వాళ్ళు బయటికి పోయేముందు స్టాండర్డ్ అవుట్‌పుట్‌ని మూసి రిజల్ట్ చూసే చిన్న ఫంక్షన్ ఒకటి కోర్‌యుటిల్స్ (ఎల్ఎస్ లాంటి కమాండ్లుండే ప్యాకేజీ) అంతటా పెట్టారు. మన టూల్స్‌లో కూడా చివర ఒక ఎఫ్‌ఫ్లష్, దాని రిటర్న్ వాల్యూ చెక్, అంతకంటే పనేం లేదు.

ఎర్రర్ ఆలస్యంగా రావడం అంటే ఎఫ్‌సింక్ (రాసిన డేటాని డిస్క్ దాకా చేర్చే కాల్) దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. రైట్ సక్సెస్ అంటే డేటా పేజ్ క్యాష్‌లోకి, అంటే కెర్నల్ దాచుకునే మెమరీలోకి, వెళ్ళింది అని మాత్రమే, డిస్క్ పాడైతే తెలిసేది ఎఫ్‌సింక్‌లో. సరే ఫెయిలైతే మళ్ళీ ఎఫ్‌సింక్ చేద్దాం అనుకుంటాం కదా, 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ళు ఇదే పెద్ద చర్చ పెట్టారు, లినక్స్‌లో మొదటిసారి ఫెయిలయ్యాక ఆ పేజీలు క్లీన్, అంటే ఇంక రాయాల్సింది లేదు, అని మార్క్ అయిపోవచ్చు, రెండోసారి ఎఫ్‌సింక్ సక్సెస్ అంటుంది, డేటా మాత్రం డిస్క్ మీద లేదు. అప్పటిదాకా పోస్ట్‌గ్రెస్ రీట్రై చేసేది, 2019 ఫిబ్రవరి రిలీజ్‌ల నుంచి ఎఫ్‌సింక్ ఫెయిలైతే పానిక్ అయి ఆగిపోయి, రీస్టార్ట్‌లో వాల్ (మార్పులు ముందుగా రాసి పెట్టుకునే లాగ్) నుంచి రికవర్ అయ్యేలా మార్చారు. అంత అనుభవం ఉన్నోళ్ళే మార్చుకున్నారంటే, రీట్రై లూప్ అన్నిటికీ మందు కాదని ఒప్పుకోవాలి, మనోళ్ళు మాత్రం ఏ ఎర్రర్‌కైనా మూడుసార్లు తిప్పి స్లీప్ ఒకటి పెట్టేస్తారు.

టూల్స్ సంగతి. ప్రోగ్రామ్ ఏం చెప్పకపోతే ఎస్‌ట్రేస్ (ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్ చూపించే టూల్) పెట్టండి, కాల్ పేరు, పాత్, ఎర్రర్ పేరు మూడూ ఒకే లైనులో చూపిస్తుంది, నేను మెసేజ్‌లో అడిగే మూడూ అవే. ఎర్రర్ కోడ్‌ని టెస్ట్ చెయ్యడానికి కూడా అదే, ఇంజెక్ట్ ఆప్షన్‌తో మూడో రైట్‌కి డిస్క్ నిండినట్టు అబద్ధం చెప్పించొచ్చు, నిజంగా డిస్క్ నింపక్కర్లేదు. ఎర్రర్ నంబర్‌కి వాక్యం ఇచ్చే స్ట్ర్‌ఎర్రర్ పాత గ్లిబ్‌సీలో త్రెడ్ సేఫ్ కాదు, 2.32 నుంచి పర్లేదు. పాతదాని కోసం స్ట్ర్‌ఎర్రర్ ఆర్ వాడితే జాగ్రత్త, దానికి రెండు అవతారాలు, పోసిక్స్‌ది ఇంట్ ఇస్తుంది, జీఎన్‌యూది క్యారెక్టర్ పాయింటర్ ఇస్తుంది, జీఎన్‌యూ దాంట్లో మీరిచ్చిన బఫర్ ముట్టుకోకుండానే పోవచ్చు, కాబట్టి రిటర్న్ వాల్యూ వదిలేసి బఫర్ ప్రింట్ చేస్తే చెత్త వస్తుంది. అదే 2.32లో నంబర్ ఇస్తే ఈనోఎంట్ లాంటి పేరు ఇచ్చే ఫంక్షన్ కూడా వచ్చింది, లాగ్‌లో వెతుక్కోడానికి వాక్యం కంటే ఆ పేరే మేలు, లొకేల్ (భాష సెట్టింగ్) మారినా అది మారదు. గ్లిబ్‌సీ పాతదై ఆ ఫంక్షన్ లేకపోతే నంబర్ అయినా రాయండి, మోర్‌యుటిల్స్ ప్యాకేజీలో ఎర్నో అనే కమాండ్ ఉంది, దానికి 28 అని ఇస్తే పేరూ, అర్థం చెప్తుంది.